ఆయన పెద్ద బండి అంటున్నారు, నాకు భయంగా ఉంది

ప్రశ్న: యాదాద్రి భువనగిరి జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దని కోరారు. ఆమె వయసు 31 ఏళ్లు, ఇంట్లోనే కుట్టుపని చేస్తారు. భర్త చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో ఆపరేటర్. ఊరి నుంచి కంపెనీకి 30 కిలోమీటర్లు. అందులో సగం లోపలి రోడ్డు, మిగతా సగం హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి. వారం విడిచి వారం రాత్రి షిఫ్టు ఉంటుంది; పదింటికి డ్యూటీ ఎక్కి ఉదయం ఆరింటికి దిగుతారు. ఇంటికొచ్చి ఎనిమిదింటికి పడుకుంటే పదకొండున్నరకల్లా లేచి పొలం వెళ్తారు. 2014లో పెళ్లికి ఆమె పుట్టింటివాళ్లు పెట్టిన 100 సీసీ బండి మీదే ఇన్నాళ్లూ తిరిగారు. మొన్న ఫిబ్రవరిలో వరసగా నాలుగో రాత్రి షిఫ్టు ముగించుకుని వస్తూ, ఊరికి మూడు కిలోమీటర్ల ఇవతల బడి ముందున్న స్పీడ్ బ్రేకర్ దగ్గర పడిపోయారు. భుజం దగ్గర ఎముక విరిగి రెండు నెలలు ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజు హెల్మెట్ తలమీద లేదు, అద్దానికి వేలాడుతోంది. "ఇప్పుడు నా చీటీ డబ్బు లక్షా ఇరవై వేలు చేతికొచ్చింది. దానికి మిగతాది ఫైనాన్సులో కలిపి 350 సీసీ బండి కొంటానంటున్నారు. బరువైన బండి రోడ్డును పట్టుకుని ఉంటుందట. నాకేమో స్కూటర్ కొంటే నేనూ నేర్చుకుని పాపను బడిలో దింపవచ్చని ఆశ. అత్తయ్య పాత బండికి దోషం ఉంది, ముందు దాన్ని వదిలించుకోమంటారు. మా స్నేహితురాలు డబ్బు నీది కాబట్టి బండి నీ పేరు మీదే ఉండాలంటోంది. డబ్బు ఇవ్వనంటే నా మీద నమ్మకం లేదా అని ఆయన మూడు రోజులు మాట్లాడరు. ఇస్తే ప్రమాదాన్ని నా చేతులతో నేనే కొనిచ్చినదాన్ని అవుతానేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఆరేళ్ల పాపను ఇప్పటికీ పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునే తిప్పుతారు. నన్నేం చేయమంటారు?"

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో అందరూ బండి గురించే మాట్లాడుతున్నారు. అది చిన్నదని మీవారు, దానికి దోషం ఉందని అత్తగారు, దానికి బదులు స్కూటర్ మేలని మీరు అంటున్నారు. కానీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు నా చూపు ఆగిన చోటు వేరు. బడి ముందున్న ఆ స్పీడ్ బ్రేకర్ కొత్తగా వేసింది కాదు. ఆయన ఏళ్ల తరబడి రోజుకు రెండుసార్లు దాటుతున్నదే. కళ్లు మూసుకున్నా అది ఎక్కడుందో చెప్పగల మనిషికి ఆ ఉదయం అది కనిపించలేదు. పాత బండికి హెడ్‌లైటు మసకగా ఉండి ఉండవచ్చు, బ్రేకు షూలు అరిగి ఉండవచ్చు, వాటి సంగతికి తరువాత వస్తాను. అంతకంటే ముందు, మీరు రాసిన వేళలనే ఒకసారి కూడి చూడండి.

పదకొండున్నరకు లేచిన మనిషి మరుసటి ఉదయం ఆరింటికి కంపెనీ గేటు దాటేసరికి పద్దెనిమిదిన్నర గంటలుగా మెలకువగా ఉన్నారు. అంతకుముందు పడుకున్నది మూడున్నర గంటలే. అలాంటివి వరసగా నాలుగు రోజులు గడిచాయి. 17 గంటలు ఏకధాటిగా మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి చురుకుదనం స్థాయికి పడిపోతుందని 1990ల చివర్లో జరిగిన పరిశోధనల్లో తేలింది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. అంటే చుక్క ముట్టని మీవారు, ఆ వారమంతా, తాగి నడిపే మనిషికి సమానమైన స్థితిలో ఇంటికి వచ్చారన్నమాట. నిద్ర చాలని మనిషికి రెండు మూడు సెకన్ల కునుకు తనకే తెలియకుండా పడుతుంది, కళ్లు తెరిచే ఉండవచ్చు కూడా. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే 50 మీటర్లు. అందులో ఒక స్పీడ్ బ్రేకర్ మాయమైపోవడంలో వింతేమీ లేదు.

ఇది ఆయన తప్పని చెప్పడానికి రాయడం లేదు. రాత్రి ఉద్యోగం, పగలు సేద్యం రెండూ ఇంటి కోసం చేస్తున్న మనిషి ఆయన. అయితే ఈ లెక్క మారనంత కాలం ఏ బండి కొన్నా ఆ తెల్లవారుజాము ప్రయాణం అలాగే ఉంటుందనీ, బండి వేగం పెరిగితే కునుకులో పోయే దూరం కూడా పెరుగుతుందనీ మీరిద్దరూ తెలుసుకోవాలి. దీనికి నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది అన్నిటికంటే చవక: షిఫ్టు దిగగానే బయలుదేరకుండా, విశ్రాంతి గదిలోనో క్యాంటీన్ బల్ల మీదో ఒక కప్పు టీ తాగి పదిహేను ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవడం. టీ ప్రభావం మొదలయ్యే వేళకే లేస్తారు కాబట్టి ఆ రెండూ కలిసి పనిచేస్తాయి. ఇంటికి ఒక అరగంట ఆలస్యం అవుతుంది, అలవాటు పడేదాకా విసుగ్గా ఉంటుంది. పైగా నాలుగు రోజుల నిద్ర బాకీని ఇది తీర్చదు, ఆ పూట గండం మాత్రం గట్టెక్కిస్తుంది. రెండోది, రహదారి మీద కంపెనీ బస్సు గానీ ఆర్టీసీ బస్సు గానీ ఆ వేళకు దొరుకుతుందేమో కనుక్కుని, ఊరి రోడ్డు మొదలయ్యే క్రాస్ రోడ్డు దగ్గర తెలిసినవాళ్ల కొట్లో బండి పెట్టి, రాత్రి షిఫ్టు వారం మాత్రం సగం దూరం బస్సులో వెళ్లి రావడం. లారీల మధ్య నడపాల్సిన సగం తప్పుతుంది, బస్సులో ఓ కునుకు కూడా పడుతుంది. అయితే బస్సు వేళలకు కట్టుబడాలి, కొంత ఖర్చు ఉంటుంది, లోపలి రోడ్డు ఎలాగూ బండి మీదే. మూడోది కష్టమైనదే అయినా అసలు మూలం అక్కడే ఉంది: రాత్రి షిఫ్టు వారంలో పొలం పని ఆయన నెత్తిన పడకుండా చూడటం. ఆ వారానికి కూలి మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో, రెండు నెలలు ఇంట్లో కూర్చున్నప్పుడు పోయిన జీతం, ఆసుపత్రి ఖర్చు కలిపి ఎంతయిందో పక్కపక్కన రాసి చూడండి. అంకెలు మీ దగ్గరున్నాయి కాబట్టి ఆ తీర్పు మీదే. ఇక్కడ అత్తగారి సాయం కూడా తీసుకోవచ్చు. పాత బండికి దిష్టి తీయించినా తీయించకపోయినా, కొడుకు పడుకున్న గదిలో వెలుగు పడకుండా, మధ్యాహ్నం రెండు దాకా ఎవరూ లేపకుండా కాపలా ఉండే బాధ్యత ఆమెకు అప్పగిస్తే, ఆమె ఆందోళనకూ ఒక పని దొరుకుతుంది.

రెండో సంగతి అద్దానికి వేలాడిన హెల్మెట్. ఈసారి విరిగింది భుజం దగ్గర ఎముక కాబట్టి మనం ఈ ఉత్తరాలు రాసుకుంటున్నాం. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. ఈ చివరి అంకె మీ కోసం రాస్తున్నాను, ఎందుకంటే ఆయనకు హెల్మెట్ లేదని బాధపడిన మీరు, మీకొకటి ఉందని ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. హెల్మెట్ పెట్టుకుంటే చనిపోయే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని వైద్య పరిశోధనలను క్రోడీకరించినవారు తేల్చారు.

ఆయన ఎందుకు పెట్టుకోరో మీరు అడిగారా? పోలీసులు లేని రోడ్డు అనేది పైకి చెప్పే కారణం కావచ్చు. లోపలి కారణం బరువు, చెమట, మెడనొప్పి, గీతలు పడి రాత్రిపూట ఎదుటి లైట్లను వంద ముక్కలు చేసి చూపించే పాత హెల్మెట్ అద్దం కావచ్చు. భుజానికి దెబ్బ తగిలాక బరువు ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్లను తయారుచేయడం, అమ్మడం 2021 జూన్ 1 నుంచి చట్టవిరుద్ధమే అయినా రోడ్డు పక్కన ఇప్పటికీ దొరుకుతాయి కాబట్టి, దుకాణానికి ఆయన్నే తీసుకెళ్లి, గాలి రంధ్రాలు ఉన్న, గడ్డం దాకా మూసే, తేలికపాటి హెల్మెట్‌ను తలకు పెట్టి చూసి కొనండి. పట్టీ బిగించాక చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే హెల్మెట్‌తోపాటు బుగ్గల చర్మం కూడా కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరిగితే ఆ సైజు ఆయనది కాదు. రాత్రి షిఫ్టు మనిషికి నల్ల అద్దం వద్దు, తెల్లదే ఉండాలి. చీటీ డబ్బులో మొదటి ఖర్చు ఇదైతే బాగుంటుందని నా అభిప్రాయం, బండి ఏదని తేలేదాకా ఆగనక్కరలేదు.

ఇక బండి. బరువైన బండి రోడ్డును పట్టుకుని ఉంటుందన్న ఆయన మాటలో నిజం లేకపోలేదు. రహదారి మీద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు వచ్చే గాలికి మీ 110 కిలోల బండి ఊగినంతగా 350 సీసీ బండి ఊగదు. టైర్లు వెడల్పు, బ్రేకులు డిస్కువి, గట్టిగా బ్రేకు వేసినా చక్రం జారకుండా చూసే ఏబీఎస్ ఉంటుంది. కానీ ఆ తరగతిలో తేలికైనదని పేరున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 కూడా 181 కిలోలు. క్లాసిక్ 350 అయితే 195. వంకర తిరిగిన లోపలి రోడ్డులో, వానాకాలం బురదలో, నిద్ర లేని ఉదయం, ఇంకా పూర్తి బలం రాని భుజంతో ఆ బరువును నిలబెట్టడం, వెనక్కి తోయడం, పడితే లేపడం వేరే సంగతి. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున నెలకు 1,500 తిరిగే మనిషికి, లీటరుకు 35 ఇచ్చే బండికీ 55 ఇచ్చే బండికీ పెట్రోలు తేడాయే నెలకు 15 లీటర్ల పైచిలుకు. దానికి ఫైనాన్సు వాయిదా కలిపితే, ఆ వాయిదా కట్టడానికి ఆయన ఇంకో అదనపు షిఫ్టు ఒప్పుకునే ప్రమాదం కూడా ఉంది. నన్ను అన్నిటికంటే భయపెట్టేది అదే. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఇప్పుడైతే చవక అని స్నేహితులు ఆయనకు చెబుతుంటే ఆ మాట నిజమే, అయితే ఆ తగ్గింపు 125, 160 సీసీ బండ్లకు కూడా అంతే వర్తిస్తుంది.

మీవారికి ఆ ప్రయాణంలో నిజంగా పనికొచ్చేవి మూడే: తడబడకుండా ఆపే బ్రేకులు, దారిని వెడల్పుగా చూపే లైటు, గుంతలను తట్టుకునే పెద్ద చక్రాలు. పాత బండికి రెండు వైపులా డ్రమ్ము బ్రేకులే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. 125, అంతకంటే చిన్న బండ్లకు కనీసం సీబీఎస్ ఉండాలన్నారు. సీబీఎస్ అంటే కాలి బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడేలా చేసే ఏర్పాటు. ఏబీఎస్ అంటే హఠాత్తుగా బ్రేకు వేసినా చక్రం బిగిసిపోయి జారకుండా క్షణానికి పలుమార్లు పట్టు వదులుతూ, బిగిస్తూ ఆపే ఏర్పాటు. రెండిటిలో ఆయన దారికి ఏబీఎస్ మేలు. 160 సీసీ తరగతిలో పల్సర్ ఎన్160 వంటి బండ్లకు రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉంటుంది, బరువు 150 కిలోల పైచిలుకు, రహదారి మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇంజను ఆయాసపడదు. 125 తరగతిలో 2024 జనవరిలో వచ్చిన హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్‌లో ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న రకం దొరుకుతుంది, బరువు 136 కిలోలు. హోండా షైన్ వంటి మామూలు 125లు సీబీఎస్‌తో వస్తాయి, సీటు పొడవుగా, మెత్తగా ఉంటుంది, మైలేజీ బాగుంటుంది. 125లో ఏది కొన్నా అప్పు దాదాపుగా అవసరం ఉండదు, 160 అయితే కొద్దిగా కలపాల్సి రావచ్చు. ఆన్‌రోడ్ ధరను కాగితం మీద రాయించుకున్నాకే లెక్క వేసుకోండి.

కొత్త మోడళ్లలో ఒక లోపం మీకు చెప్పాలి. కుర్రకారు కోసం వెనక సీటును విడిగా, ఎత్తుగా, అరచేతి వెడల్పున చేస్తున్నారు. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే మనిషికి అది కూర్చునే చోటే కాదు. వెనక కూర్చున్నవారికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఆధారం, చక్రంలో చీర చిక్కుకోకుండా అడ్డు ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి, షోరూంలో మీరు స్వయంగా ఎక్కి కూర్చుని అవన్నీ ఉన్నాయో లేదో చూడండి. టెస్ట్ రైడును వీలైతే చీకటి పడ్డాక అడగండి. లైటు సంగతి పగలు తెలియదు.

ఏబీఎస్ ఉంది కదా అని దాని మీద భారం వేయకూడదు. మీ దారిలో కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారని మీకు వేరే చెప్పనక్కరలేదు. వడ్ల మీద, కంకర మీద ఏబీఎస్ బండిని దగ్గరలో ఆపలేదు, చక్రం బిగిసి పక్కకు పడిపోకుండా మాత్రమే చూస్తుంది. అక్కడ వేగం ముందే తగ్గించుకుని, మీదికెక్కాక బ్రేకు ముట్టకుండా తిన్నగా పోవడమే దారి. ఎండిన తారు రోడ్డు మీద కూడా, మనిషి చూసి బ్రేకు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, 60లో ఉన్న బండి ఆగడానికి సుమారు 40 మీటర్లు, 80లో ఉన్న బండి ఆగడానికి 60 మీటర్లకు పైగా కావాలి. ఇంకొకటి, డ్రమ్ము బ్రేకుల బండి మీద ఏళ్ల తరబడి నడిపినవారిలో చాలామంది పల్టీ కొడతామన్న భయంతో ముందు బ్రేకు వాడనే వాడరు. ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఆపే శక్తిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. కొత్త బండి వచ్చాక ఒక ఆదివారం బడి మైదానంలో, ముందు 20లో, తరువాత 40లో, రెండు బ్రేకులూ కలిపి గట్టిగా వేసి ఆపడం అలవాటు చేసుకుంటే, కొన్న ఏబీఎస్‌కు అర్థం ఉంటుంది.

మీ స్కూటర్ కోరికను నేను తక్కువ చేయను. ఊళ్లో, పక్క ఊరి బడి దాకా మీరు నేర్చుకుని తిరగడానికి 110 సీసీ స్కూటర్ సరిగ్గా సరిపోతుంది. కానీ అదే స్కూటర్ మీద ఆయన 30 కిలోమీటర్లు రాత్రిపూట పోవడం మంచిది కాదు. మోటారు సైకిళ్ల చక్రాలు 17, 18 అంగుళాలు. యాక్టివా వెనక చక్రం 10 అంగుళాలు. చీకట్లో ఎదురయ్యే గుంతలో ఆ తేడా తెలుస్తుంది. ఒక్క బండితో ఇద్దరి పనీ జరగదని ఒప్పుకుంటే, వరస తేల్చుకోవాలి. ఈసారి ఆయనకు 125, ఇంకో చీటీకి మీకు స్కూటర్ అనుకోవచ్చు. లేదా ఇప్పుడు పాత బండికే కొత్త టైర్లు, బ్రేకు షూలు, మంచి బల్బు, చైను వేయించి, రహదారి భాగం బస్సుకు మార్చి, చీటీ డబ్బుతో మీకే స్కూటర్ కొనవచ్చు. ఈ రెండో దారి వినడానికి విచిత్రంగా ఉన్నా లెక్కకు నిలబడుతుంది. దానికి బస్సు వేళలు కుదరాలి, పాత బండితోనే సర్దుకోవడానికి ఆయన మనసొప్పాలి. ఒప్పకపోతే బలవంతంగా అమలు చేయకండి, నెల తిరగకుండానే అప్పు తెచ్చి 350 కొంటారు.

పాప సంగతి దగ్గర మాత్రం రెండు దారులు లేవు. ట్యాంకు మీద కూర్చున్న బిడ్డ, బండి హఠాత్తుగా ఆగితే హ్యాండిల్‌కూ తండ్రి బరువుకూ మధ్య నలిగిపోతుంది. నడిపేవారు కాకుండా ఒక్కరినే ఎక్కించుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. ఆ ఒక్కరిలో పిల్లలూ లెక్కే. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. కాబట్టి పాప తండ్రి వెనక, తన సైజు హెల్మెట్‌తో కూర్చోవాలి, ముగ్గురూ కలిసి వెళ్లాల్సిన రోజున ఆటో లేదా బస్సు.

మీ స్నేహితురాలి సలహా ప్రేమతో చెప్పినదే కానీ ఇక్కడ నష్టం చేస్తుంది. బండి ఇన్సూరెన్సుతోపాటు తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, బండి యజమానే నడుపుతున్నప్పుడు, ఆ యజమానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నప్పుడు వర్తిస్తుంది. బండి మీ పేరు మీద ఉండి, ఆయన నడుపుతూ ఏదైనా జరిగితే ఆ బీమా ఆయనకు అందదు. మీకు లైసెన్సు లేదు కాబట్టి మీకూ ఉపయోగపడదు. రోజూ నడిపే మనిషి పేరు మీదే బండి ఉండనివ్వండి. మీ డబ్బు గుర్తుండాలంటే చీటీ పుస్తకం ఉంది, స్కూటర్ కొన్న రోజున అది మీ పేరు మీద, మీ లైసెన్సుతో ఉంటుంది. వెనక కూర్చునేవారికి విడిగా కవరు అడిగితే కొద్ది ప్రీమియంకు ఇస్తారు, అది కూడా కనుక్కోండి.

మాట ఎలా ఎత్తాలన్నది మిగిలింది. రాత్రి షిఫ్టు వారంలో వద్దు, పగటి షిఫ్టు వారంలో సెలవు రోజున మాట్లాడండి. "ఇవ్వను" అన్న మాటతో మొదలైతే అది నమ్మకం మీద తగాదా అవుతుంది. "హెల్మెట్ పెట్టుకుంటేనే ఇస్తాను" అంటే చీటీ డబ్బు లంచంలా వినిపిస్తుంది, నెల రోజులు పెట్టుకుని మళ్లీ అద్దానికి తగిలిస్తారు. దానికి బదులు, ఆ ఫిబ్రవరి ఉదయం ఆయనకు నిజంగా ఏం గుర్తుందో అడగండి. స్పీడ్ బ్రేకర్ కనిపించిందా, కనిపించినా చేతులు కదలలేదా, అసలు ఆ కిలోమీటరే గుర్తు లేదా? పడిన తరువాత చాలామంది మగవాళ్లు ఈ మాట ఎవరికీ చెప్పరు. పెద్ద బండి కావాలన్న పట్టుదల వెనక, చిన్న బండి మీద మళ్లీ ఆ దారిన వెళ్లాలంటే ఉన్న భయం దాక్కుని ఉండవచ్చు. ఆయన జవాబు చెబితే, పైన రాసిన వేళల లెక్కను మీరు చెప్పనక్కరలేదు, ఆయనే వేసుకుంటారు. ఆ తరువాత కూడా 350యే కావాలంటే, అప్పు తెచ్చే ముందు ఒక స్నేహితుడి బండిని తీసుకుని, ఆ లోపలి రోడ్డు మీద రాత్రి షిఫ్టు వారంలో రెండు రోజులు నడిపి చూడమనండి.

పాత బండి గురించి ఒక చివరి జాగ్రత్త. ఎక్స్‌చేంజిలో ఇచ్చినా, ఊళ్లో ఎవరికైనా అమ్మినా, పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి తాళాలు ఇవ్వడంతో సరిపెట్టకుండా, ఆర్‌సీ కొన్నవారి పేరు మీదికి మారిందని ఆన్‌లైన్‌లో చూసుకునేదాకా వెంటపడండి. రికార్డులో పేరు మారనంత కాలం, ఆ బండితో కొత్తవారు ఎవరిని గుద్దినా పరిహారం కేసులో యజమానిగా పిలుపు మీ ఇంటికే వస్తుంది.